సమాధానం అంటే జవాబు కాదు బిడ్డా!

హనుమకొండ నుంచి దక్షిణాఫ్రికాకు ఏడాది సేవకు వెళ్లిన ఓ అమ్మాయి డైరీ

"ఆడికి పోయి ఏం చేస్తవే? మతం మారుస్తవా?"

2022 డిసెంబర్‌లో హనుమకొండ చౌరస్తా దగ్గర, మిర్చి బజ్జీల బండి ముందు నా ఫ్రెండ్ అడిగిన ప్రశ్న ఇది. ఎగతాళికి అడగలేదు. డిగ్రీలో మూడేళ్లు ఒకే బెంచీ మాది. వాళ్లింట్లో బతుకమ్మ పేరుస్తుంటే తంగేడు పూలు అందించేది నేనే. మా ఇంట్లో క్రిస్మస్ కేక్ కోస్తే మొదటి ముక్క దానికే. అందుకే సూటిగా అడిగేసింది.

"అది కాదే, సేవ చేయడానికి..." అన్నాను.

"సేవ కోసం సముద్రాలు దాటాల్నా? ఎంజీఎం హాస్పిటల్ ముందు లేరా జనం?"

నా దగ్గర జవాబు లేదు. ఏదో చెప్పి నవ్వేశాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే విమానం ఎక్కింది. అప్పుడు నాకు 23 ఏళ్లు. వెళ్తున్నది దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ రాష్ట్రానికి. డర్బన్ నుంచి ఉత్తరంగా గంటన్నర లోపు ప్రయాణం చేస్తే స్టాంగర్ అనే ఊరు వస్తుంది. ఇప్పుడు దాని అధికారిక పేరు క్వాడుకుజా. అక్కడ తెలుగు మూలాలున్న క్రైస్తవ కుటుంబాల మధ్య ఏడాది ఉండాలి. పిల్లలతో, వృద్ధులతో పనిచేయాలి. చర్చి భాషలో చెప్పాలంటే 'పరిచర్య'.

సూట్‌కేస్‌లో మమ్మీ రెండు కిలోల వరంగల్ మిర్చి కారం పెట్టింది. డాడీ కొత్త బైబిల్ కొనిచ్చారు. నానమ్మ మాత్రం ఏమీ ఇవ్వలేదు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "రోజూ ఫోన్ చెయ్ బిడ్డా, నాకు ముచ్చట కావాలె" అంది. అంతే.

పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా

మిషనరీ అనగానే చాలామంది తెల్ల బట్టలు, పెద్ద బైబిల్, మైక్ ముందు ప్రసంగం ఊహించుకుంటారు. నా రోజు ఎలా ఉండేదో చెబుతాను, వినండి.

ఐదింటికి లేవాలి. అరగంట ప్రార్థన, వాక్యం చదవడం. తర్వాత ఫోన్‌లో ముందు చూసేది వాట్సాప్ కాదు, 'ఎస్కామ్‌సెపుష్' అనే యాప్. ఆ రోజు కరెంట్ ఎప్పుడు పోతుందో చెప్పేది అదే. 2023లో దక్షిణాఫ్రికాలో కరెంట్ కోతలు మామూలు కాదు. వాటిని అక్కడ 'లోడ్ షెడ్డింగ్' అంటారు. కొన్ని రోజులు విడతలు విడతలుగా కలిపి పది గంటల దాకా కరెంట్ ఉండేది కాదు. దాన్ని బట్టే వంట, స్నానం, ఫోన్ చార్జింగ్ అన్నీ.

సోమ, మంగళవారాల్లో ఇళ్లకు వెళ్లడం. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు మందులు తెచ్చివ్వడం, సామాన్లు మోయడం, ఒక్కోసారి గిన్నెలు కడగడం. బుధవారం సాయంత్రం బైబిల్ స్టడీ. గురువారం పిల్లలకు హోంవర్క్ క్లబ్. శనివారం తెలుగు అక్షరాల క్లాసు. ఆదివారం చర్చి. చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి వెళ్లకూడదన్నది మొదటి రోజే చెప్పిన రూల్.

తిండి సంగతి వేరే చెప్పాలి. అక్కడి 'బన్నీ చౌ' గురించి రీల్స్‌లో చూసే ఉంటారు. బ్రెడ్ లోఫ్‌ను సగానికి కోసి, లోపలి మెత్తటి భాగం తీసేసి, ఆ గుంతలో వేడి వేడి కూర నింపుతారు. డర్బన్‌లోని భారతీయుల నుంచే పుట్టిన వంట అది. బిర్యానీలో మసూర్ పప్పు, ఆలుగడ్డ వేస్తారు. మొదటిసారి చూసి "ఇదేం బిర్యానీ" అనుకున్నాను. మూడో నెలకల్లా రెండో ప్లేట్ అడుగుతున్నాను.

జులు భాషలో పలకరింపు 'సావుబోనా'. దాని అసలు అర్థం "మేం నిన్ను చూశాం" అని. మన "బాగున్నారా"లో ప్రశ్న ఉంటుంది. ఇందులో ప్రశ్నే లేదు. నువ్వు ఉన్నావు, నేను చూశాను, అంతే. ఈ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత గుర్తొచ్చింది.

120 ఏళ్ల ముందే వెళ్లిన నెల్లూరాయన

అక్కడ తెలుగువాళ్లేంటి అని మీకు డౌట్ రావచ్చు. నాకూ వచ్చింది.

1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. నటాల్‌లో చెరకు తోటలు నడపడానికి బ్రిటిష్ వాళ్లు తీసుకెళ్లిన మొదటి భారతీయ కూలీలు అందులో ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. 1911లో ఈ పద్ధతి ఆగేలోపు 1,50,000 మందికి పైగా అలా వెళ్లారు. వాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు చాలా ఎక్కువ. విశాఖపట్నం, చిత్తూరు, నెల్లూరు వైపుల నుంచి వెళ్లినవాళ్లు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోదామంటే 1895 చట్టంతో ఏటా 3 పౌన్ల పన్ను మెడకు చుట్టుకుంది. అంత కట్టలేక మళ్లీ కూలి ఒప్పందంలోకే వెళ్లినవాళ్లున్నారు. ఆ పన్ను 1914లో గాని పోలేదు. గాంధీజీ దక్షిణాఫ్రికా పోరాటంలో అదీ ఒక ముఖ్యమైన డిమాండ్.

ఆ కూలీల్లో కొందరు ఇక్కడే బాప్టిస్టు విశ్వాసంలోకి వచ్చి వెళ్లినవాళ్లు. అక్కడ వాళ్ల భాషలో ప్రార్థన చేసేవాళ్లు లేరు. పెళ్లి చేయడానికి, చావుకి వచ్చి నాలుగు మాటలు చెప్పడానికి మనిషి లేడు. అలాంటి సమయంలో, 1903లో, నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే ఆయన నటాల్‌కు ఓడెక్కారు. ఆయన్ని పంపింది అమెరికన్ మిషన్ కాదు, తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ. అంటే తెలుగువాళ్లు తమ సొంత కానుకలతో విదేశానికి పంపిన మిషనరీ అన్నమాట.

స్టాంగర్‌కు దగ్గర్లోని కీర్స్నీలో, లీజ్ హ్యూలెట్ అనే తోటల యజమాని టీ ఎస్టేట్ ఉండేది. ఆ ఏడాది డిసెంబర్‌లో అక్కడే మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం మొదలైంది. రంగయ్య మళ్లీ ఇక్కడికి వచ్చి స్థిరపడింది లేదు. 1915లో కన్నుమూసే దాకా ఆయన పని నటాల్‌లోనే సాగింది.

నేను ఒక ఆదివారం మధ్యాహ్నం కీర్స్నీ వైపు వెళ్లాను. నా కళ్లకు టీ తోటలు కనిపించలేదు. కొండల నిండా చెరకే. గాలికి ఒక పక్కకు వంగి లేస్తోంది. ఆ రోడ్డు పక్కన నిలబడితే నా ఫ్రెండ్ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. రంగయ్య దగ్గర దానికి జవాబు ఉంది. అక్కడ ఆయన కోసం ఎదురుచూసే జనం ఉన్నారు, అందుకే వెళ్లారు. మరి నన్నెవరు పిలిచారు?

ఇంకో విషయం కూడా తట్టింది. 1879లో అమెరికన్ బాప్టిస్టులు మా హనుమకొండలో పని మొదలుపెట్టారు. అప్పుడు ఇది నిజాం రాజ్యం. వచ్చిన ఆ కుర్ర మిషనరీలు మున్షీ ముందు కూర్చుని మన అ ఆ లు దిద్దుకుని ఉంటారు. వాళ్లు బోధించింది ఎవరికి నచ్చింది, ఎవరికి నచ్చలేదు అన్నది వేరే చర్చ. కానీ ముందు విద్యార్థులై కూర్చోక తప్పలేదు కదా. నేనేమో వచ్చిన మొదటి వారం నుంచే టీచర్‌ని!

క్లాసులో ప్రార్థన చేయిస్తావా?

మీకో విషయం తెలుసా? దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో తెలుగు పేరు ఉంది. 1996 రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, అక్కడి ప్రజలు వాడే భాషలకు గౌరవం కల్పించాలని చెబుతూ తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు మన భాషనూ రాశారు. కాకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో అది 'తెలెగు' అని పడింది. అక్కడ 1931 నుంచి ఆంధ్ర మహాసభ కూడా ఉంది. అయినా నేను కలిసిన కుర్రాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. ఇంటిపేర్లలో నాయుడు, రెడ్డి ఉంటాయి. ముసలమ్మను 'అవ్వ' అంటారు. ఇక మిగతాదంతా ఇంగ్లిషే.

అందుకే శనివారం అక్షరాల క్లాసు పెట్టాం. పన్నెండు మంది పిల్లలు వచ్చారు. సగం మంది చర్చికి వచ్చే ఇళ్ల నుంచి కాదు. శుక్రవారం దీపం పెట్టే ఇళ్ల నుంచి. అందులో ఇద్దరు మా పక్కింటి ఆంటీ పిల్లలు. చేర్పించేముందు ఆంటీ నన్ను గేటు దగ్గర ఆపి అడిగింది. "నువ్వు క్లాసులో ప్రార్థన చేయిస్తావా?"

"లేదాంటీ. అక్షరాలే."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఈ మాట నన్ను పంపినవాళ్లలో ఒకరికి చెబితే ఆయనకు నచ్చలేదు. "మంచి అవకాశం వదులుకున్నావు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను తప్పు చేశానా? విశ్వాసాన్ని దాచుకున్నట్టా? రెండు రోజులు ఆలోచించాను. చివరికి నాకు తోచింది ఇది. ఒక తల్లి నన్ను నమ్మి పిల్లల్ని పంపింది. ఆ నమ్మకాన్ని మోసం చేసి నేను చెప్పే దేవుడి మాట ఆమెకు ఎలా వినిపిస్తుంది? ఎవరైనా అడిగితే నా విశ్వాసం గురించి మొహమాటం లేకుండా చెబుతాను. అడగని చోట మాటను నిలబెట్టుకుంటాను. ఇది నా సొంత నిర్ణయం. అందరు మిషనరీలూ ఒప్పుకోకపోవచ్చు.

అవ్వ అడిగిన ఒక్క మాట

సోమవారాల్లో నేను వెళ్లే ఇళ్లలో ఒకటి అవ్వది. వయసు 84. భర్త పోయారు. పిల్లలు జొహానెస్‌బర్గ్‌లో. అవ్వ వాళ్ల నాయనమ్మ ఓడలో వచ్చినామె. అవ్వకు చిన్నప్పుడు ఇంట్లో తెలుగు వినిపించేదట. బడిలో ఇంగ్లిష్, బజార్లో జులు వచ్చి చేరాక అది కొంచెం కొంచెంగా పోయింది.

అయితే ఆవిడ దగ్గర ఒక పుస్తకం ఉంది. వాళ్లమ్మ వాడిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. అట్ట ఊడిపోయి, గుడ్డలో చుట్టి ఉంది. అవ్వకు ఒక్క అక్షరం చదవడం రాదు. కానీ పాటలు వచ్చు! కళ్లు మూసుకుని, ఒక్క పదం తడబడకుండా, మా నానమ్మ పాడే రాగంలోనే పాడింది. నాకు ఒళ్లు జలదరించింది. వేల కిలోమీటర్ల దూరంలో ఉండాల్సిన గొంతు అది.

పాట అయ్యాక అవ్వ కళ్లు తెరిచి ఇంగ్లిష్‌లో అడిగింది. "80 ఏళ్లుగా పాడుతున్నా. ఇందులో 'సమాధానం' అని వస్తుంది. అంటే ఏంటమ్మా?"

"ఓ అదా! సమాధానం అంటే ఆన్సర్ అవ్వా" అని టక్కున చెప్పేశాను.

అవ్వ కాసేపు ఆలోచించింది. పాటలో ఆ ముక్కను మళ్లీ మెల్లగా పాడుకుంది. "కుదరడం లేదే" అంది.

నిజమే. కుదరలేదు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్‌లో, కోయిర్‌లో వందలసార్లు పాడాను ఆ మాట. అర్థం ఏంటని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. పాటలు నోటికి రావడమే విశ్వాసం అనుకున్నాను. 84 ఏళ్ల ముసలమ్మ ముందు నా బండారం బయటపడింది.

అక్కడ సాయంత్రం ఐదైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. నానమ్మకు ఫోన్ చేశాను. విషయం వినగానే పకపకా నవ్వింది.

"ఆన్సర్ గాదు బిడ్డా! ఇంట్ల కొట్లాటైతే పెద్దమనుషులొచ్చి ఏం చేస్తరు? సమాధానపరుస్తరు గదా. గదే. మనసుల లొల్లి ఆగుడు. నెమ్మది. శాంతి."

అప్పుడు అర్థమైంది. తెలుగు బైబిల్‌లో శాంతి అనే అర్థంలో మన పెద్దలు వాడిన మాట సమాధానం. రోజూ పరీక్ష పేపర్లలో చూసి చూసి, నాకు దాని రెండో ముఖం కనిపించనే లేదు.

మరుసటి సోమవారం అవ్వకు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, ఆ మూటను కాసేపు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "మా అమ్మ వంట చేస్తూ ఈ పాటే పాడేది. ఇప్పుడు తెలిసింది" అంది. ఏం తెలిసిందో నేను అడగలేదు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం ఒక పాట. అవ్వ పాడుతుంది. నేను అక్షరం మీద వేలు పెట్టి చూపిస్తాను. తెలియని మాట వస్తే రాత్రి నానమ్మకు ఫోన్. హనుమకొండలో ఒక ముసలమ్మ, స్టాంగర్‌లో ఒక ముసలమ్మ. మధ్యలో నేను పోస్ట్‌మ్యాన్‌ని. ఒకరోజు వీడియో కాల్‌లో కలిపాను. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది. ఇద్దరూ కలిసి పాట మాత్రం పూర్తిగా పాడారు.

రిపోర్టులో 40

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ప్రతి నెలా నేనొక రిపోర్టు పంపాలి. ఎన్ని ఇళ్లకు వెళ్లావు, ఎంతమంది మీటింగ్‌కు వచ్చారు, ఇలా. ఐదో నెలలో నేను వెళ్లిన ఇళ్లు 26. అవ్వ దగ్గరే ఒక్కోసారి మూడు గంటలు గడిచిపోయేవి మరి. ఫారంలో 26 అని రాయడానికి సిగ్గేసింది. నాతోపాటు వేరే దేశాలకు వెళ్లినవాళ్లు ఇన్‌స్టాలో పెట్టే ఫొటోలు చూస్తున్నాను. వాళ్ల చుట్టూ వందల మంది పిల్లలు. నా ఫొటోలో ఒక ముసలమ్మ, ఒక చిరిగిన పుస్తకం.

40 అని రాశాను.

పంపేశాక కడుపులో ఏదో తిప్పినట్టయింది. దేవుడి పని అని చెప్పుకుంటూ అబద్ధం రాశాను. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ లెక్కపెట్టరు. కానీ ఆ వారం ప్రార్థన చేయాలని కూర్చుంటే మాట రాలేదు. పది రోజుల తర్వాత అక్కడి పాస్టర్ గారికి చెప్పేశాను. తిడతారనుకున్నాను.

ఆయన, "ఆ 26లో ఎవరి పేర్లు గుర్తున్నాయి?" అని అడిగారు.

అందరి పేర్లూ చెప్పాను. ఎవరికి షుగర్, ఎవరి మనవడికి ఉద్యోగం పోయింది, అన్నీ.

"అయితే 26 అనే రాసి మళ్లీ పంపు" అన్నారు. అంతే.

మనమంతా లైకులు, వ్యూస్ లెక్కల్లో పెరిగాం. విశ్వాసంలోనూ అదే కొలత పెట్టుకుంటామని నాకు ఆ రోజు దాకా తెలియదు.

కరెంట్ లేని ఆ ఉదయం

సెప్టెంబర్‌లో ఒక రాత్రి డాడీ ఫోన్ చేశారు. గొంతు వినగానే తెలిసిపోయింది. నానమ్మకు నిద్రలోనే గుండె ఆగిపోయింది.

వెంటనే టికెట్లు చూశాను. రెండు చోట్ల విమానం మారితే గాని లేదు. ధర చూస్తే డాడీ రెండు నెలల జీతం. ఎంత తొందరపడ్డా భూస్థాపనకు అందను. "రాకు బిడ్డా, అక్కడే ప్రార్థన చేసుకో" అన్నారు డాడీ.

మర్నాడు హనుమకొండలో పదకొండింటికి కార్యక్రమం. స్టాంగర్‌లో పొద్దున ఏడున్నర. తమ్ముడు వీడియో కాల్ పెట్టాడు. తెల్లటి పెట్టె కనిపించింది. మా అయ్యగారి గొంతు వినిపించింది. కోయిర్ పాట అందుకుంది. అప్పుడే స్క్రీన్ ఆగిపోయింది. ఇక్కడ ఆరింటి నుంచే కరెంట్ లేదు. సెల్ టవర్ బ్యాటరీ కూడా అయిపోయినట్టుంది. సిగ్నల్ సున్నా. ఫోన్ ఎత్తి పట్టుకుని ఇంటి చుట్టూ పరిగెత్తాను, గేటు బయటికి, రోడ్డు మీదికి. లేదు.

మట్టి వేసేటప్పుడు నేను లేను.

ఆ రోజు నేను దేవుడితో మాట్లాడలేదు. నిజం చెబుతున్నా, కోపమొచ్చింది. ఎవరో ముసలమ్మల మందులు మోయడానికి వచ్చి, నా సొంత నానమ్మను మోయలేకపోయాను. ఫ్రెండ్ అన్న మాట చెవిలో మోగుతోంది. సేవ కోసం సముద్రాలు దాటాల్నా? బ్యాగ్ సర్దడం మొదలుపెట్టాను. తిరిగి వెళ్లిపోదామనే.

మధ్యాహ్నం పక్కింటి ఆంటీ వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నె. పప్పు, అన్నం. "చావు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని మా అవ్వ చెప్పేది. నీ ఇల్లు అక్కడున్నా, చావు నీదే కదా" అని బల్ల మీద పెట్టింది. నా పక్కన కూర్చుని నేను తినే దాకా కదలలేదు. వెళ్తూ, "నీ క్లాసు పిల్లలు నీ కోసం ప్రార్థన చేశారు. దీపం దగ్గర. ఫర్వాలేదు కదా?" అంది. నేను తల ఊపాను. ఏడుపు ఆగలేదు.

సాయంత్రం ఒక కారు ఆగింది. పాస్టర్ గారు చెయ్యి పట్టుకుని దించుతుంటే అవ్వ దిగింది. మోకాళ్ల నొప్పులతో గడప దాటని మనిషి. లోపలికొచ్చి నా మంచం మీద కూర్చుంది. సర్దిన బ్యాగ్ చూసింది. ఏమీ అడగలేదు. ఓదార్పు మాటలు లేవు, వాక్యం లేదు, "దేవుడి చిత్తం" అనలేదు. నా తల ఒళ్లోకి తీసుకుని నానమ్మతో కలిసి పాడిన పాట పాడింది. ఆ మాట దగ్గరికి వచ్చి ఆగింది. పాట ఆపేసి, ఆ ఒక్క మాటే మెల్లగా పలికింది. "సమాధానం."

నా దగ్గర నేర్చుకున్న మాటను నాకే తిరిగి ఇచ్చింది.

నా ప్రశ్నలు ఏవీ తీరలేదు ఆ రాత్రి. నానమ్మ ఎందుకు అప్పుడే వెళ్లిపోయిందో, సిగ్నల్ ఎందుకు అప్పుడే పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ లోపలి లొల్లి ఆగింది. 'సావుబోనా' కూడా అప్పుడే గుర్తొచ్చింది. జవాబులేవీ లేకుండానే, నన్ను చూసినవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకరు నా విశ్వాసం ఉన్నవాళ్లు, ఒకరు లేనివాళ్లు. పొద్దున్నే బ్యాగ్ విప్పేశాను.

ఇంటికొచ్చాక

2023 డిసెంబర్‌లో కాజీపేట స్టేషన్‌లో దిగాను. మొదట వెళ్లింది సమాధుల దగ్గరికి. నానమ్మ పక్కన కూర్చుని, అవ్వ ఫోన్‌లో రికార్డ్ చేసి ఇచ్చిన పాట వినిపించాను.

విదేశీ సేవకు వెళ్లాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు నాకు మెసేజ్ చేస్తుంటారు. ఏం సలహా ఇవ్వాలో నాకు పెద్దగా తెలియదు. నాకు అనుభవమైనవి మాత్రం చెబుతాను. వెళ్లే ముందు ఆ ఊరి చరిత్ర చదువుకోండి. అక్కడి పలకరింపు నేర్చుకోండి. పంపేవాళ్లను ఖర్చులు, వీసా, అత్యవసరంగా తిరిగి రావాలంటే ఎవరు డబ్బు కడతారు అన్నీ ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఈ మూడోది నేను అడగలేదు. రిపోర్టులో నిజం రాయండి. ఇంట్లో పెద్దవాళ్లకు రోజూ ఫోన్ చేయండి, సాధ్యమైతే వాళ్ల గొంతు రికార్డ్ చేసుకోండి.

ఇప్పుడు నేను హనుమకొండలోనే ఒక స్కూల్లో పనిచేస్తున్నాను. శనివారాలు మాత్రం మా సంఘంలో ఒంటరిగా ఉండే పెద్దమ్మల ఇళ్లకు వెళ్తాను. నాతోపాటు నా ఫ్రెండ్ కూడా వస్తుంది. అవును, అదే ఫ్రెండ్. ఎంజీఎంలో మందులు తేవడానికి నాకంటే దానికే దారులు బాగా తెలుసు.

మొన్న అదే బజ్జీల బండి దగ్గర మళ్లీ అడిగింది. "ఇంతకీ ఆడికి పోయి ఏం చేసినవే?"

"ఒక్క మాటకు అర్థం నేర్చుకున్న."

"ఏడాది మొత్తం గదేనా?"

"గదే."

అది నవ్వి, తన బజ్జీలో సగం తుంచి నా ప్లేట్‌లో వేసింది. ఫోన్ మోగింది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర. స్టాంగర్‌లో తొమ్మిది, చర్చి మొదలయ్యే టైమ్. అవ్వ వాయిస్ మెసేజ్. ప్రతి ఆదివారం పంపుతుంది, ఒక్కో వారం ఒక్కో పాట.

ఈసారి పాట ముందు ఒక ప్రశ్న ఉంది. 'కృప' అంటే ఏంటమ్మా?

నేను టక్కున చెప్పబోయి ఆగాను. ఇంటికెళ్లి మమ్మీని అడగాలి.